లెక్కకి మించిన బెల్లు

కాలవ మీది పాత లాకు దగ్గర చీకటి పడ్డాక సైకిల్ మీద వెళ్లకూడదు. వెళ్లక తప్పకపోతే, వెనక నుంచి బెల్లు వినిపించినా తిరిగి చూడకూడదు. చూసినా సరే, పొరపాటున కూడా మీ బెల్లు తిరిగి కొట్టకూడదు. కొట్టారో… ఆవిడ వచ్చి మీ క్యారియర్ మీద కూర్చుంటుంది. ఇంక ఇల్లు చేరినట్టే!

ఆ కాలవ పొడుగునా పాలుతాగే పిల్ల దగ్గర్నుంచి పళ్లూడిన ముసలి దాకా అందరికీ ఈ సంగతి తెలుసు.

ఆవిడంటే లాకు మనిషి భార్య. కాలవలో పడవలు తిరిగే రోజుల్లో లాకు తలుపులు తెరిచి మూయడానికి ఒక ఉద్యోగి ఉండేవాడు. గట్టు మీదే రెండు గదుల ఇల్లు. ఒక రాత్రి ఆయన భార్య సైకిల్ తీసుకుని బయటికి వచ్చింది. చాలాసేపు బెల్లు మోగిందట. గట్టు మీద ఇళ్లవాళ్లందరూ విన్నారట. "మొగుడూ పెళ్లాల గొడవ, మధ్యలో మనమెందుకు" అని ముసుగుతన్ని పడుకున్నారట. తెల్లారి చూస్తే సైకిల్ లాకు తలుపుల మధ్య ఇరుక్కుని ఉంది. ఆవిడ దిగువన తేలింది.

కాలు జారిందన్నాడు లాకు మనిషి. కాలు జారిన మనిషి అంతసేపు బెల్లు ఎలా కొట్టిందని ఎవరూ అడగలేదు. ఆయనకి వేరే చోటికి బదిలీ అయింది. ఆవిడకి కాలేదు.

మీరు గమనించారో లేదో, మగవాడు పోతే గోడ మీద ఫొటో అవుతాడు. ఆడది పోతే దెయ్యం అవుతుంది. బతికుండగా ఆవిడ పిలిస్తే పలకనివాళ్లే, చచ్చాక పిలిచినా పలకొద్దని పిల్లలకి నేర్పారు.

ఇక ఆ లాకు దగ్గర మా పిన్నికి జరిగింది… ఆవిడ చెప్పినట్టే చెప్తాను. చిలవలు పలవలు నేనేమీ చేర్చలేదు.

మా పిన్నిది కళ్లజోళ్ల షాపు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. ఊళ్లో సగంమంది చూపు ఆవిడ చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ మీద ఆధారపడి ఉందంటే అబద్ధం కాదు. యాభై దాటాక ఆవిడ సైకిల్ కొంది.

"ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడు బాబాయి.

"ఈ వయసు వచ్చేదాకా మీరు ఖాళీ ఇస్తే కదా" అంది పిన్ని.

అలాంటివాళ్లే ఇంకో నలుగురు దొరికారు. ముందు ఆసుపత్రి హెడ్ నర్సు. వార్డుని నడిపినట్టే ఈ గుంపునీ నడిపిస్తుంది. ఆవిడ వెనక బేకరీ నడిపే అక్కచెల్లెళ్లు. వాళ్ల వెనక డ్రాయింగ్ టీచరు. అందరికంటే చివర మా పిన్ని. ఆదివారం మధ్యాహ్నం అంట్లు ఎక్కడివక్కడ వదిలేసి బయల్దేరేవాళ్లు. పందెం లేదు, తొందర లేదు. కాలవ ఎటు తిరిగితే అటు. చల్లటి నీడ కనిపిస్తే దిగడం, ఫ్లాస్కులో టీ, సంచిలో బన్నులు. "రాత్రికి కూరేంటి" అని ఎవరూ అడగని ఒక్క పూట.

ఒకసారి డ్రాయింగ్ టీచరు లకుముకి పిట్టని చూస్తూ ఆగిపోయింది. మిగతా నలుగురూ కబుర్లలో పడి చాలా దూరం వెళ్లిపోయారు. ఆ రోజు హెడ్ నర్సు ఒక పద్ధతి పెట్టింది. మలుపు వచ్చినప్పుడల్లా ముందున్న మనిషి ఒక బెల్లు కొట్టాలి. ఆ వెనక మనిషి ఒకటి. ఆ వెనక ఇంకొకటి. చివరి మనిషి మాత్రం రెండు కొట్టాలి. రెండు వినపడితే లెక్క సరిపోయినట్టు, వెనక ఎవరూ మిగల్లేదన్నట్టు.

వాళ్లు దీన్ని బెల్లు లెక్క అనేవాళ్లు. వింటే గట్టు మీద ఇళ్లవాళ్లకి నవ్వు. "అదిగో, హాజరు వేసుకుంటున్నారు" అనేవాళ్లు మగవాళ్లు.

ఆ ఆదివారం తిరుగు దారిలో బేకరీ చెల్లెలి టైరు పంక్చరైంది. ప్యాచీ వేస్తే అంటుకోదు. మళ్లీ గీకి మళ్లీ వేశారు. గాలి కొట్టి లేచేసరికి సూర్యుడు గట్టు దిగిపోయాడు. ఇంటికి రెండు దార్లు. పెద్ద రోడ్డు మీద లారీలు, పైగా చుట్టు. కాలవ గట్టు మీదైతే దగ్గర. కాకపోతే, పాత లాకు దాటాలి.

"పోదాం పదండి" అంది హెడ్ నర్సు. "నేను మార్చురీ పక్క గదిలో టిఫిన్ బాక్సు విప్పి తిన్నదాన్ని. నాకా దెయ్యాల కథలు?"

"మీకు అలవాటేనక్కా, మాకెందుకు?" అంది బేకరీ చెల్లెలు. అయినా అందరూ ఎక్కారు.

డైనమో దీపాలు. తొక్కుతున్నంతసేపే వెలుగు. ఆగితే చీకటి. ఎవరూ ఆగలేదు. ఒక పక్క నల్లటి నీళ్లు, ఇంకో పక్క జమ్ము. చక్రాలకి డైనమో రాసుకునే గుర్రు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

లాకు ముందు ఒక మలుపు ఉంది.

హెడ్ నర్సు బెల్లు కొట్టింది — ట్రింగ్. బేకరీ అక్క — ట్రింగ్. చెల్లెలు — ట్రింగ్. డ్రాయింగ్ టీచరు — ట్రింగ్. పిన్ని రెండు కొట్టింది — ట్రింగ్, ట్రింగ్. లెక్క సరిపోయింది.

అప్పుడు… పిన్ని వెనక నుంచి…

ట్రింగ్, ట్రింగ్.

ఐదుగురి కాళ్లూ ఒక్క క్షణం ఆగాయి. ఐదు దీపాలూ ఒక్కసారి మసకబారాయి.

"ఎవరే అది… నువ్వేనా మళ్లీ కొట్టింది?" అని ముందు నుంచి గొంతు తగ్గించి అడిగింది నర్సు.

"నేను కాదక్కా" అంది పిన్ని.

నర్సు మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ఈసారి బెల్లులు వణికాయి. ఒకటి… ఒకటి… ఒకటి… ఒకటి… పిన్నివి రెండు. కాలవ నిశ్శబ్దం. అమ్మయ్య అనుకునేలోపు…

ట్రింగ్, ట్రింగ్.

ఇంకా దగ్గరగా.

అంతే. మార్చురీ పక్కన టిఫిన్ తిన్న హెడ్ నర్సుగారే అందరికంటే ముందు దౌడు తీసింది. ఆవిడ వెనక మిగతావాళ్లు. పిన్ని కూడా బలమంతా కాళ్లలోకి తెచ్చుకుని తొక్కింది. సరిగ్గా లాకు ఇంటి ముందుకి వచ్చేసరికి టక్కుమని చైను ఊడింది. పెడలు ఉత్తినే తిరిగింది. దీపం ఆరిపోయింది.

పిలుద్దామంటే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. నాలుగు ఎర్ర దీపాలు చిన్నవై, చిన్నవై, కనపడకుండా పోయాయి.

చీకట్లో సైకిల్ పట్టుకుని నిలబడింది పిన్ని. ఎదురుగా ఆ ఇల్లు, కిటికీలకి చెక్కలు కొట్టి. పక్కన లాకు తలుపులు. వాటి సందుల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. తలుపుల మీదుగా అవతలి గట్టుకి ఒక్క మనిషి పట్టేంత పలక.

వెనక నుంచి గట్టు మీద టైర్ల కింద కంకర కరకరమంది. దీపం లేదు. ఏదో నల్లటిది ఆయాసపడుతూ వచ్చింది. పిన్నికి జానెడు దూరంలో ఆగింది… కదిలింది… బాట దిగి ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లింది. తలుపు లోపల్నుంచి మూసుకుంది.

తాళం వేసి ఉందని అందరూ చెప్పుకునే తలుపు!

"నా ఒళ్లు నాది కాదే అప్పుడు" అంటుంది పిన్ని. "ఒక్కటే ఆలోచన… దెయ్యానికి మా లెక్క ఎలా తెలిసింది? చివరి మనిషి రెండు కొట్టాలని మేం పెట్టుకున్నది మొన్న మొన్న. ఆవిడ చచ్చింది ఎప్పుడో పడవల కాలంలో."

ఆ ఆలోచన తెగకముందే మోటార్‌సైకిల్ దీపం గట్టంతా పరుచుకుంది.

బండి పిన్ని పక్కనే ఆగింది. మనిషి దిగాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన గొంతు. చేతిలో టార్చి. రెండో చేతిలో… ఆడవాళ్ల చెప్పు. ఒక్కటే.

"అమ్మా, భయపడకండి. మా ఆవిడ ఇటు వచ్చిందా? సైకిల్ మీద. కొంచెం మతి స్థిమితం లేదు. ఊరికే అలుగుతుంది."

పిన్ని ఆ చెప్పు వంక చూసింది. చెప్పు పట్టీ తెగి ఉంది. విప్పిన చెప్పు కాదు, గుంజిన చెప్పు. తెగిన వస్తువులు బాగుచేసే మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

దెయ్యానికి చెప్పులెందుకు?

భయం పోలేదట పిన్నికి. అది ఆ ఇంటిని వదిలి ఆ మనిషి మీద వాలిందట.

"ఎవరూ రాలేదు బాబూ" అంది.

"బెల్లు వినపడిందే."

"నాదే. చైను ఊడింది, మా వాళ్లని పిలుద్దామని కొట్టాను."

"పోనీలెండి, మీరేం కంగారుపడకండి" అన్నాడు అతను నవ్వుతూ. ఇంజను ఆపాడు. దీపం తీసేశాడు. టార్చి వేసి గుమ్మం వైపు నడిచాడు. "ఇలాంటి చోట్లలోనే దాక్కుంటుంది. పోయినసారి గడ్డివాములో దొరికింది."

పోయినసారి!

"బాబూ, ఆ ఇల్లు మంచిది కాదు" అంది పిన్ని. "ఇక్కడ బెల్లు కొట్టే ఆవిడ…"

"ఆ కథలు ఆడవాళ్లకి చెప్పండమ్మా."

తలుపు మీద చెయ్యి వేశాడు. తోశాడు. లోపల్నుంచి ఎవరో వీపు ఆనించి పట్టుకున్నట్టు తలుపు కొంచెం వెళ్లి ఆగింది. అతను నవ్వాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. పిన్ని సైకిల్ పంపు చేతిలోకి తీసుకుంది — దాంతో ఏం చేస్తుందో ఆవిడకే తెలీదు…

అవతలి గట్టు నుంచి బెల్లు మోగింది.

ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్…

ఆగకుండా. రమ్మన్నట్టు. ఎవరో ఒకరు లేవండి అన్నట్టు.

అతను తలుపు వదిలేశాడు. "అటు దాటేసిందా దొంగ…" అంటూ టార్చి పట్టుకుని పలక మీదికి ఎక్కాడు. ఒక్కో అడుగూ వేస్తూ అవతలికి చేరాడు. బెల్లు ఇంకొంచెం దూరం జరిగింది. అతను వెంట పడ్డాడు. మళ్లీ జరిగింది. టార్చి వెలుగు అవతలి జమ్ములో ఊగుతూ ఊగుతూ వెళ్లింది.

మోటార్‌సైకిల్‌కి తాళంచెవి అలాగే వేలాడుతోంది.

"అంతకంటే చిన్న స్క్రూలు రోజూ తీస్తాను" అని నాకు చెప్తూ ఇక్కడ మాత్రం నవ్వుతుంది పిన్ని. తాళంచెవి కాలవలో పడితే అంత చిన్న చప్పుడే వస్తుందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

వెళ్లి తలుపు దగ్గర నోరు పెట్టి, "అమ్మాయ్… వాడు అటు వెళ్లాడు. రా" అని గుసగుసగా అంది.

తర్వాత తలుపు కదిలింది. సైకిల్‌ని నడిపించుకుంటూ ఒక మనిషి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. ఒక కాలికి చెప్పు లేదు.

"ప్రతి ఆదివారం మీ బెల్లులు వింటానక్కా" అంది ఆయాసంతో. "మాది గట్టు మీద ఇల్లే. ఆఖరి వాళ్లు రెండు కొడతారని తెలుసు. నోరు తెరిస్తే ఆయన గుర్తుపడతాడు. అందుకే బెల్లు కొట్టాను. కొడితే మీ లెక్కలో కలుపుకుంటారనుకున్నా." తన బెల్లు వంక చూసుకుంది. "మీరు పారిపోయారు."

పిన్ని వంగి చైను ఎక్కించింది. ఆఖరి బస్సు అందితే మా అక్క ఊరు వెళ్లిపోతానక్కా, అంది ఆ అమ్మాయి. అక్క తలుపు తీస్తుందా అని అడిగింది పిన్ని. తీస్తుంది, అదొక్కత్తే తీస్తుంది, అంది.

"ఆ గడుసుతనం మాత్రం మెచ్చుకోవాలి" అంది పిన్ని సైకిల్ ఎక్కుతూ. "లోపల ఉండి అవతల మోగినట్టు ఎలా కొట్టావే?"

ఆ అమ్మాయి పెడలు మీద పెట్టిన కాలు దించేసింది.

"నేను కొట్టలేదక్కా. చప్పుడు రాకుండా నా బెల్లుని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నా. మీరు కాదా?"

అవతలి గట్టున, దూరంగా, బెల్లు ఇంకా మోగుతోంది. టార్చి దాని వెనకే పోతోంది.

ఇద్దరూ తొక్కారు.

గట్టు దిగి ఊరి రోడ్డు కలిసేచోట నలుగురూ నిలబడి ఉన్నారు. డ్రాయింగ్ టీచరు ఏడుస్తోంది. హెడ్ నర్సు మళ్లీ వెనక్కి వెళ్లడానికి సైకిల్ తిప్పి, తొక్కలేక, అలాగే పట్టుకుని ఉంది. పిన్నినీ, పక్కన రెండో మనిషినీ చూసి కెవ్వుమనబోయి బేకరీ చెల్లెలు తన నోరు తనే మూసుకుంది.

"మనిషే" అంది పిన్ని. "తన్నులు తిని బయటపడ్డ మనిషి. ముందు బస్టాండుకి పదండి, తర్వాత భయపడుదురుగాని."

నర్సు ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. చెవి పక్కన చూసింది. తన మెడలో స్కార్ఫు తీసి ఆ పిల్ల తలకి చుట్టింది. ఏమీ అడగలేదు. రోజూ ఆసుపత్రిలో "మెట్ల మీంచి జారాను" అన్న జవాబు వినే మనిషి ఆవిడ.

బయల్దేరేముందు అలవాటు కొద్దీ నర్సు బెల్లు కొట్టింది. వరసగా అందరూ కొట్టారు. పిన్ని ఈసారి ఒక్కటే కొట్టి, "చివర నువ్వేగా, కానీ" అంది. ఆ అమ్మాయి రెండు కొట్టింది. లెక్క సరిపోయింది.

గట్టు మీద చీకట్లోంచి…

ట్రింగ్, ట్రింగ్.

ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. ఆరుగురు ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడి ఆ చీకటి వంక చూశారు. ఏమీ కనపడలేదు.

తిరిగి కొట్టకూడదు. కొడితే వచ్చి కూర్చుంటుంది. ఆ మాట నేర్పింది ఎవరు? ఆ రాత్రి ముసుగుతన్ని పడుకున్నవాళ్లు.

పిన్ని వేలు బెల్లు మీదికి వెళ్లింది.

"వద్దే…" అంది నర్సు.

ట్రింగ్ — కొట్టింది పిన్ని.

క్యారియర్ స్ప్రింగు కిర్రుమంది. వెనక టైరు బరువుకి అణిగింది. "చల్లగా… వీపుకి తడిబట్ట ఆనినట్టు" అంటుంది పిన్ని. ఎవరికీ చెప్పలేదట. చెప్తే నర్సు అక్కడే పడిపోతుందని.

బస్టాండు దాకా మా పిన్ని ఇద్దరి బరువు తొక్కింది. వీధి దీపాల కింద తన నీడ వంక చూడలేదు. ఎత్తు వచ్చినప్పుడు రొప్పింది. "ఏంటే, అంత కష్టంగా తొక్కుతున్నావ్?" అని బేకరీ అక్క అడిగితే, "వయసు" అంది.

బస్టాండులో ఆఖరి బస్సు ఇంజను వేసి ఉంది. పిన్ని కాలు కింద పెట్టగానే క్యారియర్ మళ్లీ కిర్రుమని పైకి లేచింది. బరువు పోయింది.

సైకిల్ మా బేకరీ వెనక పెడతాం, ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్లు, అన్నారు అక్కచెల్లెళ్లు. డ్రాయింగ్ టీచరు తన చెప్పులు విప్పి ఇచ్చింది. ఆ అమ్మాయి ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. తల వంచుకుని, స్కార్ఫు ముఖం మీదికి లాక్కుని. నర్సు టికెట్ కొనడానికి కిటికీ దగ్గరకి వెళ్లింది.

కండక్టరు నిద్రమొహంతో టికెట్ల కట్ట తీశాడు.

"ఎన్ని?"

"ఒకటి" అంది నర్సు.

"మరి ఆ పక్కనావిడకి వద్దా?" అన్నాడు విసుగ్గా. "అయినా అంతలా ఎక్కడ తడిశారమ్మా? సీటంతా నీళ్లే."

నర్సు చూసింది. పిన్ని చూసింది. ఆ అమ్మాయి పక్కన ఎవరూ లేరు. సీటు రెక్సిన్ మీద నీళ్లు మాత్రం మెరుస్తున్నాయి, అంచు దాకా జారి బొట్టుబొట్టుగా కింద పడుతున్నాయి.

"చూపు నాకు బాగానే ఉందే" అంటుంది మా పిన్ని. "నాకే కనపడలేదంటే…"

అంతదాకా అని, కళ్లజోడు తుడుచుకుంటుంది.

ఆ రాత్రి మాత్రం ఆవిడ నర్సు చేతిని పక్కకి తోసి, కిటికీలోకి డబ్బు పెట్టింది.

"రెండు కొట్టు బాబూ. ఇద్దరూ దిగేది ఒకచోటే."

పాత లాకు దగ్గర ఇప్పుడు బెల్లు వినపడటం లేదట. అయినా గట్టు మీద ఇళ్లల్లో పిల్లలకి తిరిగి చూడొద్దనే నేర్పుతున్నారు. ఆ ఐదుగురూ ఇప్పటికీ ఆదివారాలు వెళ్తున్నారు, మలుపు వచ్చినప్పుడల్లా బెల్లులు కొడుతున్నారు. మా పిన్ని చివర రెండు కొట్టి, లెక్క సరిపోయాక కూడా, కాసేపు తొక్కడం ఆపి చెవి వెనక్కి పెట్టి వింటుంది.

ఆ గట్టు మీద ఇళ్లు చాలా ఉన్నాయి మరి.